చదువరికి జబ్బు చేసినప్పుడు: పుస్తకం పంచుకునే పద్ధతులు

అందరికీ నమస్కారం.

పెద్ద జబ్బు చేసిన మనిషి చుట్టూ అందరూ ఇచ్చేవాళ్లే. మందులిస్తారు, పథ్యం చూస్తారు, ధైర్యం చెబుతారు. తిరిగి ఇవ్వడానికి ఆ మనిషి దగ్గర ఏముందో మాత్రం ఎవరూ అడగరు. చదువరి దగ్గర ఒకటి ఉంటుంది: "ఈ పేజీ చదివి చూడు" అని చెప్పగల అభిరుచి. అది మంచంలోంచి కూడా ఇవ్వొచ్చు. అందుకు ఏమేం సర్దుకోవాలో చెబుతాను.

పుస్తకం పక్కన పెట్టేస్తే ఇంట్లోవాళ్లు "మనసు లేదు పాపం" అనుకుంటారు. చాలాసార్లు అడ్డం పడేది మనసు కాదు. కీమోతో (క్యాన్సర్‌కి ఇచ్చే మందుల చికిత్స) కొందరికి ఏకాగ్రత, అప్పుడే చదివింది గుర్తుండడం తగ్గుతాయి. పేజీ చివరికి వచ్చేసరికి మొదట్లో వచ్చిన పాత్ర ఎవరో తెలియదు. అలాంటివాళ్లకి నవల కన్నా చిన్న కథ, వ్యాసం, ఉత్తరాలు నయం. నవలే కావాలంటే పాత్రల పేర్లు, చుట్టరికాలు ఒక అట్టముక్క మీద రాసి పుస్తకంలో పెట్టండి. స్టెరాయిడ్లతో రక్తంలో చక్కెర ఎక్కువ తక్కువలైతే చూపు మసకబారుతుంది. అప్పుడు తొందరపడి కళ్లద్దాలు మార్చకండి, చక్కెర కుదురుకుంటే నంబరు మళ్లీ మారిపోతుంది. ఒక్కసారిగా చూపు తగ్గినా, వస్తువులు రెండుగా కనిపించినా మాత్రం ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

పుస్తకం బరువు కూడా లెక్కలోకి వస్తుంది. 400 పేజీల పుస్తకం సుమారు అరకిలో తూగుతుంది. నీరసంగా ఉన్న చేతికి అది పది నిమిషాల్లో బరువైపోతుంది. ఒడిలో దిండు పెట్టి దాని మీద ఏటవాలుగా ఆనించాలి. జిగురు బైండింగ్ పుస్తకం వదలగానే మూసుకుంటుంది, కుట్టు బైండింగ్ అయితే తెరిచినట్టే ఉంటుంది. సొంత పుస్తకమైతే కుట్టు విప్పి 16 పేజీల ఫారాలుగా విడదీసుకోండి. పుస్తకాన్ని పాడుచేస్తున్నామన్న బెంగ వద్దు, చదవడానికే కదా అది ఉన్నది. అక్షరం చిన్నదైతే తెలుగులో ముందు వత్తులు చెదిరిపోతాయి, అందుకే 18 పాయింట్ల అక్షరం మేలు. ఫోన్లో చదివేటప్పుడు స్కాన్ చేసిన పేజీని పెద్దది చేస్తే వరస తెర దాటిపోతుంది, ప్రతి వరసకీ అటూ ఇటూ జరపాలి. బొమ్మలా కాకుండా టైపు చేసిన అక్షరాలుగా (యూనికోడ్‌లో) ఉన్న పాఠమైతే వరసలు తెరకి తగ్గట్టు వాటంతటవే సర్దుకుంటాయి.

డయాలిసిస్ సంగతి చూడండి. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఫిస్టులా (సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి కదపకూడదు, అంటే పేజీ తిప్పడానికి మిగిలేది ఒక్క చెయ్యే. ఎడమవైపు పేజీల బొత్తికి ఒక క్లిప్పు, కుడివైపు ఇంకో క్లిప్పు; పేజీ తిప్పాలంటే ఒకటి తీసి పెడితే చాలు. చివరి గంటల్లో బీపీ పడిపోవడం, కండరాలు పట్టేయడం ఉంటాయి కాబట్టి చదువు మొదటి గంటన్నరలో పెట్టుకుని, ఆ తర్వాత వినడానికి మారడం మంచిది.

కీమో తర్వాత రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు బాగా తగ్గేది తరచుగా 7 నుంచి 14 రోజుల మధ్య. ఆ రోజుల్లో బూజు వాసన కొట్టే పాత పుస్తకాలు దగ్గరికి తేవద్దు; బూజు రేణువులు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తేగలవు. పుస్తకమిత్రులు ఇంటికి రావడం మాని ఫోన్ చెయ్యాల్సిన రోజులు కూడా ఇవే.

చదివి వినిపించేవాళ్లకి. ఒక విడతకి పది నిమిషాలు చాలు. మొదలుపెట్టే ముందు నిన్నటి కథ రెండు వాక్యాల్లో మీరే చెప్పండి. "నిన్న ఎక్కడ ఆపాం, చెప్పు?" అని అడిగితే అది పరీక్ష అయిపోతుంది, జ్ఞాపకం తడబడే మనిషి నొచ్చుకుంటాడు. మధ్యలో కన్ను మూతపడితే ఠక్కున ఆపకుండా గొంతు తగ్గిస్తూ పేరా చివర ఆపండి. మర్నాడు మీరు ఆపిన చోటునుంచి కాదు, తనకి గుర్తున్న చోటునుంచి మొదలుపెట్టాలి. ఎక్కడిదాకా వచ్చామో గుర్తుకి పెట్టే పెన్సిల్ గీత కూడా అక్కడే ఉండాలి.

ఇక అసలు విషయం, రోగే ఇచ్చేది. ఏ పుస్తకమో, ఏ పేజీయో ఎంచే పని తనదే కావాలి. మనవలకి కథ చదివి ఫోన్లో రికార్డు చేసి పంపవచ్చు. ఫ్యాను ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టాలి; ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడు గాలి కొట్టి చప్పుడొస్తుంది. పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో గొంతు మార్మోగదు. ఐదేసి నిమిషాల ముక్కలుగా చేస్తే దగ్గొచ్చినా ఆ ముక్క ఒక్కటే మళ్లీ చదివితే సరిపోతుంది. ఊపిరి సమస్య ఉన్నవాళ్లు ముందుగానే పేజీ మీద ఊపిరి తీసుకునే చోట్ల పెన్సిల్‌తో చిన్న గీతలు పెట్టుకుని, నిటారుగా కూర్చుని చదవాలి.

కండరాలను కదిలించే నరాల కణాలు దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బులో మాట క్రమంగా పోవచ్చు. కాబట్టి గొంతు స్పష్టంగా ఉన్నప్పుడే, రోగనిర్ధారణ అయిన తొలి వారాల్లోనే రికార్డింగ్ మొదలుపెట్టండి. ప్రతి ఫైలుకీ పుస్తకం పేరు, పేజీ నంబరు, తేదీ రాసి రెండు చోట్ల దాచండి.