రెండో తెర మీద ఏం పెట్టాలి?

శ్రోతలకు నమస్కారం.

తరగతి గదిలో రెండు తెరలు పెట్టి, రెండింటి మీదా ఒకే బొమ్మ చూపిస్తే వెనక బెంచీలవాళ్లకు బాగా కనబడుతుంది, అంతే. అసలు లాభం వేరే ఉంది. లెక్కల పాఠమే తీసుకోండి. సాధన నాలుగో మెట్టుకు వచ్చేసరికి, లెక్క ఉన్న స్లైడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఇచ్చిన విలువలు గుర్తుపెట్టుకోవడానికే పిల్లల బుర్ర సగం ఖర్చవుతుంది. ఒక తెర ముందుకు సాగుతుంటే, రెండోది ఆ లెక్కనో, సూత్రాన్నో, పటాన్నో కదలకుండా పట్టుకుని ఉండాలి. గోడ పొడుగునా నల్లబల్ల ఉన్నప్పుడు ఈ పని దానంతటదే జరిగిపోయేది.

అలాగని పువ్వు బొమ్మ ఒక తెర మీద, దాని భాగాల పేర్లు ఇంకో తెర మీద పెట్టకండి. కలిపి చూస్తేనే అర్థమయ్యేవి విడిపోతే, చూపు అటూ ఇటూ తిరగడంతోనే సరిపోతుంది. చాండ్లర్, స్వెల్లర్ అనే పరిశోధకులు 1992లోనే దీని గురించి రాశారు.

ఇక అమరిక. విండోస్ కంప్యూటర్లో విండోస్ మీట, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి. అప్పుడు ఒక్కో తెర మీద ఒక్కో బొమ్మ పెట్టొచ్చు. ‘డూప్లికేట్’ అంటే అన్నిటా ఒకటే బొమ్మ. చాలామంది పొరపడేది హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ దగ్గర. మామూలు స్ప్లిటర్ ఒకే బొమ్మను రెండు తెరలకు పంచుతుంది, వేర్వేరు బొమ్మలు ఇవ్వలేదు. అందుకు మామూలుగా కంప్యూటర్లోనే రెండు వీడియో అవుట్‌పుట్‌లు ఉండాలి. యూఎస్‌బీ-సి పోర్టు ఉంది కదా అని ధీమా వద్దు. అన్ని యూఎస్‌బీ-సి పోర్టులూ వీడియో ఇవ్వవు.

కదలకుండా ఉండాల్సిన పేజీని పీడీఎఫ్‌గా దాచి, రెండో తెర మీద ఫుల్‌స్క్రీన్‌లో తెరవండి. పవర్‌పాయింట్ మొదలుపెట్టగానే, చెప్పేవాళ్ల కోసం నోట్స్ చూపించే ప్రెజెంటర్ వ్యూ వచ్చి దాని మీద కూర్చుంటే, స్లైడ్ షో ట్యాబ్‌లో ఆ టిక్కు తీసేసి, షో ఏ మానిటర్ మీద రావాలో అక్కడే చెప్పండి.

తెర మీద రాత చదవాలంటే చివరి బెంచీ దూరం తెర ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదన్నది ఒక పాత లెక్క. 65 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 80 సెంటీమీటర్లు. అంటే చివరి బెంచీ సుమారు 5 మీటర్ల లోపు ఉండాలి. గది అంతకన్నా పొడుగైతే అక్షరాలు పెంచండి. తెర అడుగు అంచు నేల నుంచి 120 సెంటీమీటర్లయినా ఎత్తులో లేకపోతే ముందువాళ్ల తలలు అడ్డొస్తాయి.

మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్లు దాటితే తెర మీద చుక్కలు మెరవడం, ఉన్నట్టుండి నల్లబడటం మొదలవ్వచ్చు. తప్పు ప్రొజెక్టరుదని నెపం వేస్తారు గానీ, చాలాసార్లు కారణం కేబులే. అంత దూరానికి క్యాట్-6 అనే నెట్‌వర్క్ తీగతో పనిచేసే ఎక్స్‌టెండర్ వాడాలి. కొత్త తెర తగిలించగానే శబ్దం దానికి మళ్లిపోవడం కూడా మామూలే. పిల్లలు రాకముందే ఒక వీడియో వేసి, శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో చూసుకోండి.