'సిజిల్' అంటే చుయ్‌మనదు

[తెరమీద: ఇనప పెనం. తడిచెయ్యి నీళ్లు చిలకరిస్తుంది. చుయ్‌...]

విన్నారా? ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి పెనం ఇది. ఈ చప్పుడుకి ఇంగ్లీషులో పేరు సిజిల్. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట.

మన చెవికి ఇది చుయ్. పక్కింటి ఒడియా వాళ్లు పోపుని ఛుంక అంటారు. వాళ్ల కూరగాయల పప్పు డాల్మాలో పడ్డప్పుడు వినండి, తన పేరు తనే చెప్పుకున్నట్టుంటుంది. ఇంగ్లీషు చెవికి మాత్రం స, ఆ తర్వాత జెడ్.

చిక్కంతా ఆ జెడ్‌తోనే. దానికి తెలుగులో అక్షరం లేదు, ఒడియాలోనూ లేదు. అందుకే మా ఊళ్లో ఏ భాషవాళ్లయినా ఒకటే జ. జ అన్నప్పుడు నాలుక పైకి తగిలి గాలి ఒక్క క్షణం ఆగుతుంది. జోలపాటలోని జ కాస్త దగ్గరే గానీ, అదీ ఆగే బయల్దేరుతుంది. గాలి ఆగితే ఇంకెక్కడి చుయ్!

[దగ్గరగా: గొంతు మీద వేలు]

వేలు ఇలా పెట్టి 'స్స్స్' అని సాగదీయండి. నాలుక కదపకుండా గొంతు కలపండి, తుమ్మెదలా. వేలి కింద జుమ్మంటోందా? అదే జెడ్.

ఇక వాడుక. తెలుగులో చప్పుడికి 'అను' తోడుండాలి: నూనె చుయ్యిమంది. ఇంగ్లీషులో చప్పుడే క్రియ: 'ది ఆనియన్స్ ఆర్ సిజ్లింగ్.' ఎండ చుర్రుమంటే 'సిజ్లింగ్ హాట్'. హోటల్లో పొగలు కక్కుతూ వచ్చే సిజ్లర్ కూడా ఈ ఇంటిదే.

అన్నట్టు, ఆ చుయ్ నూనెది కాదు, నీటిది. ఉల్లిపాయలోని తడి ఒక్కసారిగా ఆవిరై నూనెని చీల్చుకొస్తుంది. పెనం మరీ కాలితే తమాషా చూడండి.

[బొట్టు గుండ్రంగా, చప్పుడు లేకుండా జారిపోతుంది]

పెనాన్ని బట్టి, సుమారు 200 డిగ్రీలు దాటితే బొట్టు కింద ఆవిరి పరుపులా పరుచుకుంటుంది. నీరు ఇనుముకి అంటదు, చుయ్‌మనదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. మా పిన్ని ఆయన పేరు వినలేదు గానీ, బొట్టు పరిగెత్తిందంటే అట్టు మాడుతుందని తెలుసు.

సిజిల్‌కి ప్రాస కుదిరే మాట ఫిజిల్. అట్టహాసంగా మొదలై చప్పబడిపోతే 'ఫిజిల్డ్ అవుట్' అంటారు. దాని పాత అర్థం వంటింట్లో చెప్పకూడదు: చప్పుడు కాకుండా గాలి వదలడం.

[వెనక నుంచి పిన్ని గొంతు: "నీ ఇంగ్లీషు తర్వాత, ముందు మంట తగ్గించరా!"]