చందన్‌గఢ్‌లో దయ్యానికి పగ ఎవరి మీద? 'బీస్ సాల్ బాద్'పై చర్చ

యాంకర్: నమస్కారం. ఈరోజు 1962 నాటి హిందీ సినిమా 'బీస్ సాల్ బాద్' గురించి మాట్లాడుకుందాం. 1988లో మిథున్ చక్రవర్తితో అదే పేరుతో వచ్చింది వేరే, దాని జోలికి వెళ్లొద్దు. సార్, మీరు కెమెరా పట్టినవాళ్లు, మీరే చెప్పండి, ఇప్పటి పిల్లలు ఇది చూసి భయపడతారా?

ఛాయాగ్రాహకుడు: భయపడరండీ, కొన్నిచోట్ల నవ్వుతారు కూడా. కానీ దర్శకుడు బీరేన్ నాగ్ అసలు కళా దర్శకుడు, గురుదత్ సినిమాలకి సెట్లు వేసినాయన, అందుకే ఆ హవేలీని చూస్తుంటే ఎవరో కట్టి వదిలేసి వెళ్లిపోయిన ఇల్లులాగే ఉంటుంది తప్ప సెట్ అనిపించదు. ఆ నలుపు తెలుపుల్లోనే సగం పని అయిపోయింది. రంగుల్లో తీసుంటే తేలిపోయేది.

విమర్శకురాలు: సెట్ సంగతి సరే సార్, నన్ను పట్టుకునేది కథ. ఒక ఠాకూర్, అంటే జమీందారు, పల్లెపిల్లని చెరుస్తాడు, ఆమె ప్రాణం తీసుకుంటుంది, తర్వాత ఆ ఇంటి మగవాళ్లు ఒక్కొక్కరే పోతుంటారు, చందన్‌గఢ్ ఊరు మొత్తం దయ్యం అనుకుంటుంది. షెర్లాక్ హోమ్స్ డిటెక్టివ్ కథ 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' ఛాయలు ఇందులో ఉన్నాయని అందరికీ తెలుసు, వంశానికి శాపం, తిరిగొచ్చిన వారసుడు, బురదనేల, అన్నీ అక్కడివే. అయితే అక్కడ హంతకుడికి కావాల్సింది ఆస్తి. ఇక్కడ మాత్రం...

యాంకర్: మేడమ్, ఆగండాగండి, చూడనివాళ్లు ఉన్నారు!

విమర్శకురాలు: అరవై ఏళ్లు దాటిన సినిమాకి ఇంకా సస్పెన్సా! సరే, పేరు చెప్పను. కానీ ఇక్కడ కారణం పగ, అదీ న్యాయమైన పగ. చివరికి దయ్యం లేదని తేలినా ఠాకూర్ చేసిన పాపం అలాగే ఉంటుంది కదా, నాకు అదే భయం.

ఛాయాగ్రాహకుడు: నేను ఒప్పుకోను. దీని వెనక ఉన్నది మనిషేనని బయటపడగానే గాలి తీసేసినట్టయింది, అప్పటిదాకా 'కహీఁ దీప్ జలే కహీఁ దిల్' చీకట్లో వినిపిస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. లతాకీ, రాసిన షకీల్ బదాయూనీకీ ఆ పాటకే ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. హేమంత్ కుమార్ తానే నిర్మాత, తానే సంగీత దర్శకుడు. 'బేకరార్ కర్‌కే' కూడా ఆయనే పాడుకున్నాడు, అదేమో హాయిగా పిక్నిక్ పాటలా ఉంటుంది!

యాంకర్: మన 'రోజులు మారాయి'లో 'ఏరువాక సాగారో' అంటూ ఆడిన వహీదా రెహమాన్, ఏడేళ్లకి ఇక్కడ హీరోయిన్.

విమర్శకురాలు: ఆమె లేకపోతే ప్రేమకథ భాగం నేను ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేదాన్ని. బిశ్వజిత్ బాగున్నాడు, అందంగా ఉన్నాడు, అంతే.

ఛాయాగ్రాహకుడు: అసిత్ సేన్‌ని మర్చిపోయారు, ఆ నత్తనడక మాటల డిటెక్టివ్! టెన్షన్ పెరిగే టైముకి వచ్చి చల్లార్చేస్తాడు.

విమర్శకురాలు: ఆయన్ని తీసేస్తే నేనే గొడవ పెడతాను సార్. ఆ రోజుల్లో మూడు గంటలు హాల్లో కూర్చునేవాళ్లకి నవ్వూ కావాలి.

యాంకర్: ఇదే బృందం 1964లో 'కోహ్రా' తీసింది, మళ్లీ వహీదా, బిశ్వజిత్‌లే. మీ ఓటు దేనికి?

ఛాయాగ్రాహకుడు: 'కోహ్రా'కే.

విమర్శకురాలు: అస్సలు కాదు!