పదివేల ఆటల కార్డు, నలభై ఆటల జాబితా
(విశాఖపట్నంలో పాత వీడియో గేముల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల మా వీధిలో తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయి ఒక మెమొరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అంకుల్, ఇందులో పదివేల ఆటలు ఉన్నాయట. ఏది ఆడాలో తెలియడం లేదు. బాగున్నాయనుకున్నవి నల్ల తెర చూపించి ఆగిపోతున్నాయి" అన్నాడు. కార్డు తెరిచి చూశాను. కాంట్రా ఒక్కటే పద్దెనిమిది చోట్ల, పద్దెనిమిది పేర్లతో ఉంది. ప్లేస్టేషన్ ఆటలు ఉన్నాయి, కానీ సిస్టమ్ ఫోల్డరు ఖాళీగా ఉంది. ఎవరో ఎక్కడినుంచో దొరికిందల్లా కుమ్మరించి అమ్మేశారు. అన్ని ఆటలు చేతిలో ఉండి కూడా ఆ పిల్లవాడు సాయంత్రమంతా జాబితా కిందికీ పైకీ జరుపుతూ గడిపాడు. అది చూస్తే నాకు బాధ కలిగింది. ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నది అందుకే.

ఆ కార్డుకు ఉన్న జబ్బులు రెండు. యంత్రానికి కావలసిన ఫైళ్ళు వాటి చోట లేవు. మనిషికి కావలసిన జాబితా అసలు లేదు. మొదటిది సిస్టమ్ ఫోల్డరు సంగతి, రెండోది ప్లేలిస్టు సంగతి. ఈ రెండింటినీ ఎవరికి వారు తమ చేతులతో అమర్చుకోవాలన్నదే నా వాదన.

అంతకు ముందు మన ఊరి మాట ఒకటి. నా వయసువాళ్ళకు కేసెట్టు తీసి, దాని నోట్లో ఊది, మళ్ళీ పెట్టడం గుర్తుండే ఉంటుంది. నింటెండో కంపెనీ ఆటల యంత్రం ఫ్యామికామ్ జపాన్‌లో 1983లో వచ్చింది. దాన్ని చూసి తయారైన చౌక యంత్రాలే తరువాత మన ఇళ్ళకు చేరాయి. వాటి కేసెట్టుకు అడుగున 60 లోహపు పట్టీలు ఉంటాయి. వాటిలో ఒకటి సరిగ్గా తగలకపోయినా తెర మీద చెత్త కనిపిస్తుంది. ఊదితే బాగవుతుందని నమ్మాం. నిజానికి బాగయింది తీసి మళ్ళీ పెట్టడం వల్ల, మన నోటి తడి ఆ పట్టీలకు చేటే చేసింది. దానికి తోడు మనది సముద్రపు గాలి. పెదవాల్తేరులో మా ఇంటి కిటికీ ఊచలే ఏడాదికొకసారి రంగు వేయకపోతే తుప్పు పడతాయి, ఇక కేసెట్టు ఎంత! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, అలమరలోని డిస్కుల పెట్టె నిండా వాననీళ్ళు చేరాయి. కరెంటు వచ్చేదాకా రోజుల తరబడి ఆ డిస్కులను నీడలో ఆరబెట్టాను. కొన్ని దక్కాయి, ఎక్కువ భాగం దక్కలేదు. విజయనగరంలో మా పిన్ని కొడుకు దగ్గర ఒక హార్డ్ డ్రైవులో ఉంచిన నకళ్ళే మిగిలాయి. అప్పటినుంచి ఎమ్యులేటర్‌ను, అంటే పాత యంత్రంలా నటించి దాని ఆటలను కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రామును, నేను కాలక్షేపంగా చూడలేదు. ఈ తీరంలో పాత ఆటలు నిలవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు.

ఇప్పుడు సిస్టమ్ ఫోల్డరుకు వస్తాను. ఈ సాయంత్రం నేను చూపించేది రెట్రోఆర్క్. ఉచితంగా దొరుకుతుంది, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే అది ఎమ్యులేటర్ కాదు, ఎమ్యులేటర్లను ఒకే చూరు కిందకు తెచ్చే ప్రోగ్రాము. అసలు యంత్రాల పని చేసేవాటిని అక్కడ కోర్‌లు అంటారు.

ఫ్యామికామ్‌లో స్విచ్ వేయగానే ప్రాసెసర్ నేరుగా కేసెట్టులోని ప్రోగ్రామునే చదువుతుంది. అందుకే కాంట్రా ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నా నడిచిపోతుంది. 1994లో వచ్చిన ప్లేస్టేషన్ అలా కాదు. ముందు యంత్రం లోపలి చిప్పులో ఉన్న ప్రోగ్రాము మేలుకుంటుంది, డిస్కు పెట్టారో లేదో చూస్తుంది, ఆ తరువాతే ఆటకు పగ్గాలు అప్పగిస్తుంది. ఆ చిప్పులోని ప్రోగ్రామునే బయోస్ అంటారు. కోర్ దాన్ని వెతుక్కునే చోటు సిస్టమ్ ఫోల్డరు. ఆట విస్తట్లోకి వచ్చే పదార్థమైతే బయోస్ వంటింట్లోని పొయ్యి. చాలామంది ఆటల పక్కనే బయోస్ పెట్టేసి, ఎందుకు నడవదని అడుగుతారు. కోర్ అక్కడ వెతకదు, అంతే.

ఆ ఫోల్డరు ఎక్కడుందో ఊహించవద్దు, రెట్రోఆర్క్‌నే అడగండి. సెట్టింగ్స్‌లో డైరెక్టరీ అనే భాగం ఉంది. అందులో సిస్టమ్, బయోస్ అని కలిపి రాసిన వరుస ఎదురుగా పూర్తి దారి కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో సాధారణంగా రెట్రోఆర్క్ ఉన్న ఫోల్డరులోనే సిస్టమ్ అనే పేరుతో ఉంటుంది. లినక్స్‌లో మాత్రం చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డరు లోపల ఉంటుంది. చుక్కతో మొదలయ్యేవి మామూలుగా కంటికి కనిపించవు. ఫైళ్ళ కిటికీలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చాలా లినక్స్‌లలో బయటపడతాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న లినక్స్ కంప్యూటర్లో, రెట్రోఆర్క్‌ను కలుపుకుని వచ్చే రెట్రోపై వాడేవాళ్ళకు అది హోమ్ ఫోల్డరులోని రెట్రోపై కింద బయోస్ అన్న పేరుతో ఉంటుంది.

ఇక పేరు. మా తమ్ముడు తన పాత ప్లేస్టేషన్ నుంచి తీసుకున్న బయోస్‌తో నాలుగు రోజులు తంటాలు పడి, గాజువాక నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఫోల్డరు సరైనదే. ఫైలు పేరు ఎస్‌సీపీహెచ్5501.బిన్ అని కంటికి కనిపిస్తూనే ఉంది. సైజు చూస్తే 512 కిలోబైట్లు, అంటే 5,24,288 బైట్లు, ఒక్క బైటు తేడా లేదు. అయినా రెట్రోఆర్క్ ఆ ఫైలు లేదంటోంది. అప్పుడు ఫైళ్ళ కిటికీలో వ్యూ నొక్కి, ఫైలు పేర్ల చివరి భాగాన్ని చూపించే గడిలో టిక్ పెట్టాను. అసలు పేరు బయటపడింది: ఎస్‌సీపీహెచ్5501.బిన్.బిన్! విండోస్ చివరి బిన్‌ను దాచిపెట్టింది. మావాడు పేరు మారుస్తూ ఇంకో బిన్ తగిలించాడు. ఒక బిన్ చెరిపేశాం, ఆట నడిచింది. నాలుగు రోజుల అవస్థకు కారణం ఒక చుక్క, మూడు అక్షరాలు.

కాబట్టి ఫైళ్ళు కాపీ చేసే ముందే ఆ టిక్ పెట్టుకోండి. ప్లేస్టేషన్ ఆటలు ఆడించే బీటిల్ పీఎస్‌ఎక్స్ అనే కోర్‌కు జపాన్ డిస్కులకు 5500, అమెరికా డిస్కులకు 5501, యూరప్ డిస్కులకు 5502 సంఖ్యలున్న ఫైళ్ళు కావాలి, పేరు మొత్తం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. విండోస్ పెద్ద అక్షరాలనూ చిన్న అక్షరాలనూ ఒకటిగా చూస్తుంది, లినక్స్ చూడదు. మీ కంప్యూటర్లో నడిచిన కార్డు రాస్ప్‌బెర్రీ పైలో మొండికేయడానికి చాలాసార్లు ఇదే కారణం. కొన్ని కోర్‌లు సిస్టమ్ ఫోల్డరులో మరో చిన్న ఫోల్డరు కోరతాయి. డ్రీమ్‌కాస్ట్ యంత్రం ఆటలు ఆడించే ఫ్లైకాస్ట్ అనే కోర్, 'డీసీ' అనే పేరున్న ఫోల్డరులో వెతుకుతుంది. ఇవన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. కోర్‌ను ఎక్కించి, ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్ళి, కోర్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఏ ఫైలు కావాలో, అది ఉందో లేదో, తప్పనిసరో కాదో అక్కడే రాసి ఉంటుంది. ఇంత మేలైన పేజీని ఇంత తక్కువమంది చూడడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫోనులో ఆడేవాళ్ళకు ఒక్క మాట. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆండ్రాయిడ్ అనే ఫోల్డరు లోపలి డేటా ఫోల్డరులోకి మామూలు ఫైల్ మేనేజర్లను రానివ్వడం లేదు. మీ సిస్టమ్ ఫోల్డరు దారి అక్కడికే చూపిస్తుంటే, ఫోను స్టోరేజిలో బయటే సొంతంగా ఒక ఫోల్డరు చేసుకుని, డైరెక్టరీ సెట్టింగులో ఆ దారిని ఇవ్వండి. ఇచ్చాక కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేసి మెనూ నుంచే బయటికి రండి. తెరను పైకి నెట్టి మూసేస్తే మార్పు నిలవకపోవచ్చు.

బయోస్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మీ సొంత యంత్రం నుంచి తీసుకోండి, ఆటలు మీ సొంత డిస్కుల నుంచి తీసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో, చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రతి నుంచి వ్యాపారం కోసం కాకుండా సొంత వాడకానికి కంప్యూటర్ ప్రోగ్రాము నకలు తీసుకునే వెసులుబాటు ఉంది. పదివేల ఆటల కార్డు అమ్మడం దాని కిందికి రాదు. సొంత యంత్రం లేనివాళ్ళకు, ఈనాటి ఔత్సాహికులు పాత యంత్రాల కోసం కొత్తగా రాసి ఉచితంగా ఇస్తున్న ఆటలు ఉన్నాయి. వాటిలో మంచివి నిజంగా చాలా మంచివి.

ఇక ప్లేలిస్టు. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. రెట్రోఆర్క్‌కు ఆటల ఫోల్డరు చూపించి స్కాన్ చేయమంటే, అది ప్రతి ఆట గుర్తింపు సంఖ్యను తెలుసుకుని, తన దగ్గరున్న పట్టికతో పోల్చి చూస్తుంది. కలిస్తే జాబితాలో చేరుస్తుంది. కలవకపోతే మౌనంగా వదిలేస్తుంది. ఔత్సాహికులు రాసిన ఆటలు, ఎవరైనా అనువదించిన ఆటలు ఇలాగే జారిపోతాయి. అప్పుడు మాన్యువల్ స్కాన్ వాడాలి. ఫోల్డరు ఏది, యంత్రం ఏది, ఏ కోర్‌తో నడపాలి అని మీరే చెబుతారు. అది మారుమాట లేకుండా అన్నిటినీ చేర్చుకుంటుంది.

ఆ జాబితా నిజానికి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. పేరు చివర ఎల్‌పీఎల్ అని ఉంటుంది, ప్లేలిస్ట్స్ అనే ఫోల్డరులో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో ఆటకు ఆరు వరుసలు: ఫైలు ఉన్న దారి, తెర మీద కనిపించే పేరు, కోర్ ఉన్న దారి, కోర్ పేరు, గుర్తింపు సంఖ్య, అది ఏ యంత్రం పట్టికలోదో. ఆటలు ఇందులో ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. ఈ సంగతి నాకు తెలిసివచ్చిన రోజు చెబుతాను. కొత్త కంప్యూటర్ కొని, విజయనగరం నుంచి వచ్చిన ఆ డ్రైవునే తగిలించాను. రెండు వందల పేర్లు తెర మీద వచ్చాయి, ఒక్క ఆటా తెరుచుకోలేదు. తుఫానులో మిగిలినవి కూడా పోయాయేమోనని గుండె జారింది. తీరా చూస్తే పాత కంప్యూటర్లో 'డీ' (D) డ్రైవుగా ఉన్నది ఇక్కడ 'ఈ' (E) డ్రైవు అయింది. ఆటలు క్షేమంగా ఉన్నాయి, చిరునామాలు పాతవి. నోట్‌ప్యాడ్‌లో దారుల మొదట్లో ఉన్న ఆ డ్రైవు అక్షరాన్ని ఒక్కసారిగా అన్ని చోట్లా మార్చేశాను, అన్నీ తిరిగి నడిచాయి. తరచూ కంప్యూటర్లు మార్చేవాళ్ళు ప్లేలిస్టుల సెట్టింగుల్లో పోర్టబుల్ ప్లేలిస్ట్స్‌ను ముందే ఆన్ చేసి, ఫైల్ బ్రౌజర్ మొదలయ్యే ఫోల్డరుగా మీ ఆటల ఫోల్డరునే ఇవ్వండి. కొత్త యంత్రంలో కూడా అలాగే పెట్టుకుంటే దారులను అదే సరిచేసుకుంటుంది.

చేత్తో రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. విండోస్ దారుల్లో వచ్చే వెనక్కి వాలిన గీతను ప్రతిచోటా రెండేసి రాయాలి. చివరి ఆట తరువాత కామా ఉండకూడదు. ఏదైనా మార్చే ముందు ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టుకోండి. కోర్ ఏదో తెలియని చోట ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో డిటెక్ట్ అని రాసి వదిలేయవచ్చు.

మూడు, నాలుగు డిస్కుల ఆటలకు మరో ఉపాయం ఉంది. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కుల ఆట. అలాగే వదిలేస్తే జాబితాలో మూడుసార్లు కనిపిస్తుంది. పైగా సేవ్ చేసినది ఒక్కో డిస్కుకు విడివిడిగా పోతుంది. రెండో డిస్కు పెట్టేసరికి ముప్పై గంటల ఆట కనిపించక కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను చూశాను. ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి, ఒక్కో డిస్కు అమరికను చెప్పే క్యూ (.cue) ఫైళ్ళు మూడింటి పేర్లు వరుసకొకటి రాసి, చివర ఎం3యూ అని వచ్చేలా సేవ్ చేయండి. జాబితాలో ఆ ఒక్క ఫైలునే ఉంచండి. డిస్కులు మారినా మెమొరీ కార్డు ఒకటే ఉంటుంది.

జాబితాలో ఆటతో పాటు కనిపించే బొమ్మల గురించి క్లుప్తంగా: అట్ట బొమ్మ పేరు, జాబితాలో ఆట పేరు ఒకటే కావాలి. ఆట పేరులో కోలన్ గానీ ప్రశ్నార్థకం గానీ ఉంటే, బొమ్మ పేరులో దాని బదులు కింది గీత పెట్టాలి.

ఆ అబ్బాయి నాతో రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. అమ్మిన కార్డును పక్కన పెట్టేశాం. వాళ్ళ బాబాయి దగ్గరున్న పాత డిస్కుల నుంచి కొన్ని, ఉచితంగా దొరికే కొత్తవి కొన్ని కలిపి నలభై ఆటలు ఎంచాం. ఎంచడమే పెద్ద పని. ప్రతి ఆటనూ పది నిమిషాలు ఆడి, ఉంచాలా వద్దా అని ఇద్దరం వాదించుకున్నాం. ఇప్పుడు వాడు ఒక్కో ఆటనూ చివరిదాకా ఆడుతున్నాడు.

ప్లేలిస్టులు యంత్రాల వారీగానే ఉండాలన్న నియమం లేదు. ఏ పేరుతోనైనా ఎల్‌పీఎల్ ఫైలు రాసి ఆ ఫోల్డరులో ఉంచితే మెనూలో కనిపిస్తుంది. మా ఇంట్లో 'నాన్న' అని ఒకటుంది. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులు చేసి రిటైరయ్యారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, నిద్రపట్టక, మా టీవీ గేములో ఇటుకలు పేర్చే ఆట ఆడుతూ కూర్చునేవారు. ఆయన జాబితాలో నాలుగే ఆటలు. పేర్లు ఆయన పిలిచేవే పెట్టాను, అందుకే మొదటిది 'ఇటుకలు'. కళ్ళజోడు లేకుండా చదవగలిగేలా అక్షరాలు పెద్దవి చేశాను. రిమోటులాగా అయిదు మీటలున్న కంట్రోలర్ ఇచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన గదిలో ఇప్పటికీ ఆ సంగీతం వినిపిస్తుంది.

ఆ ఫైలునే ఇప్పుడు ఈ తెర మీద తెరుస్తున్నాను. మీ కార్డులు, ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి. మొదట వాటికి నకలు తీద్దాం, ఆ తరువాత సిస్టమ్ ఫోల్డరు తెరుద్దాం.