బండి మీద వైరు ఎక్కడ తెగుతుంది?

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. బైకుకి అదనపు లైటు పెట్టినా, హారన్ మార్చినా ముందు ఆ వస్తువునే చూస్తాం, దానికి కరెంటు తీసుకెళ్లే వైరు సంగతి చివర్లో గుర్తొస్తుంది. ఇంటి గోడలో వైరు ఏళ్ల తరబడి కదలదు. బండి మీద వైరు ఇంజను స్టార్ట్ అయిన క్షణం నుంచి వణుకుతూనే ఉంటుంది, హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది. అందుకే ఒంటి తీగ వైరు బండికి పనికిరాదు, సన్నటి రాగి పోగులు చాలా ఉన్నదే కావాలి.

మందం ఎంత? 60 వాట్ల లైటు, 12 వోల్టుల బ్యాటరీ అనుకోండి, భాగిస్తే 5 ఆంపియర్లు. రెండు లైట్లయితే 10. వైరు పోవడానికి 2 మీటర్లు, రావడానికి 2 మీటర్లు పడితే, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో సుమారు 1.4 వోల్టులు దారిలోనే వేడిగా మారి పోతాయి. 1.5 వైరు వేస్తే ఆ నష్టం అర వోల్టు లోపే. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి, దాని రేటింగు వైరు మోయగల కరెంటుని దాటకూడదు.

కొనేటప్పుడు పోగుని బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెలుపు కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దు. పైన తెలుపు, లోపల ఎరుపు అయితే తగరం పూసిన రాగి, తడి తగిలే చోట ఇంకా మంచిది.

ఇక అతుకు, నాకు అసలు పట్టింపు ఇక్కడే. మెలేసి టేపు చుట్టేస్తే ఇంజను వేడికి జిగురు కరిగి టేపు జారుతుంది, వానకి లోపల చిలుము పడుతుంది. సోల్డరింగ్, అంటే సోల్డర్ అనే లోహాన్ని కరిగించి అతకడం, గట్టిది కదా అంటారు. కరెంటు బాగానే పారుతుంది, కానీ కరిగిన సోల్డర్ పోగుల మధ్యలోంచి తొడుగు కిందికి పాకి వైరుని బిరుసు చేస్తుంది, ఆ బిరుసు ఆగి మెత్తదనం మొదలయ్యే చోటే వణుకంతా పడి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన తొడుగు బాగానే ఉంటుంది కాబట్టి తప్పెక్కడో ఓ పట్టాన దొరకదు. తప్పక చేయాల్సి వస్తే అతుకుకి రెండు పక్కలా వైరు కదలకుండా కట్టండి.

నా ఓటు క్రింపింగ్‌కే, అంటే వైరు చివర టెర్మినల్ అనే లోహపు ముక్క పెట్టి గట్టిగా నొక్కేయడం. టెర్మినల్‌కి రెండు జతల రెక్కలుంటాయి, ఒకటి రాగిని, ఇంకొకటి తొడుగుని పట్టుకుంటుంది. ఆ రెండో జతని చాలామంది నొక్కరు, వణుకు రాగి దాకా రాకుండా ఆపేది అదే! కటింగ్ ప్లయర్‌తో నలిపేయకండి, క్రింపింగ్ టూల్ వాడండి, నొక్కాక లాగి చూడండి, ఊడేదైతే అప్పుడే ఊడిపోతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడి తగిలితే ముడుచుకుని అతుకుని పట్టేసే గొట్టం) అతకకముందే వైరుకి ఎక్కించాలి. స్టీరింగ్ మెడ దగ్గర అతుకు అసలు వద్దు, అక్కడ హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాకే వైరుని కట్టే ప్లాస్టిక్ టై బిగించండి.