వాన మా ఇంట్లో పైనుంచి ఎందుకు పడలేదు? అట్మాస్ సౌండ్‌బార్ రివ్యూ, నెల్లూరు నుంచి

నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు పెట్టె, నేను కొన్నది కాదు. కంపెనీ వారే మూడు వారాలు వాడి చూడమని పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగనూ లేదు. పేరు డబ్బా మీద మీకు కనిపిస్తూనే ఉంది కాబట్టి నేను పలకను. ఎన్ని వాట్లు, ధర ఎంత అన్నవి ఈపాటికి మీరు నాలుగు వీడియోల్లో చూసే ఉంటారు. నేను ఆ జోలికి పోను. నా గొడవంతా ఒక్కదాని గురించే. పైకప్పు.

ఇది అట్మాస్ బార్. అట్మాస్ అంటే శబ్దాన్ని పైనుంచి కూడా వినిపించే డాల్బీ కంపెనీ వారి పద్ధతి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 5.1.2 అని వేశారు. మొదటి అంకె మన చుట్టూ వినిపించే శబ్దానికి, మధ్యలో ఒకటి గుండెలో దడ పుట్టించే సబ్‌వూఫర్‌కు, చివరన ఉన్న 2 పైనుంచి వచ్చే శబ్దానికి. ఆ 2 కోసమే మనం అదనంగా డబ్బు పెడతాం. తీరా చూస్తే పైన స్పీకర్లేవీ ఉండవు. బార్ రెండు చివర్లా, ఇదిగో ఇక్కడ, ఆకాశం వైపు చూస్తూ రెండు చిన్న స్పీకర్లు. ఇవి శబ్దాన్ని పైకప్పు మీదికి విసిరితే, అది తగిలి మన నెత్తిన పడాలి. క్యారమ్ బోర్డులో అంచుకు కొట్టి కాయిన్ వేస్తాం చూడండి, అదే ఆట. అంచే వంకరగా ఉంటే?

మాది మూలాపేటలో తాతగారి కాలం నాటి మిద్దె. కెమెరా పైకి తిప్పుతున్నాను, చూడండి. టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టిన ఇటుకలు, పైన సున్నం. ఎండాకాలంలో ఇంతటి చల్లని ఇల్లు దొరకదు. కానీ ఎత్తు 15 అడుగుల 4 అంగుళాలు. డాల్బీ వారి లెక్క ప్రకారం ఇలాంటి స్పీకర్లకు పైకప్పు నున్నగా, గట్టిగా, 7.5 నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. 14 దాటితే ఇక ఆశ వదులుకోవాల్సిందే. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు. లోపల ఇచ్చిన పుస్తకంలో, గోడకు మేకు కొట్టే బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నాకు కోపం వచ్చింది అక్కడే. ఫ్రిజ్ అమ్మేవాడు గుమ్మం వెడల్పు అడుగుతాడు. పైకప్పునే స్పీకరుగా వాడుకునే వస్తువును అమ్మేవాడు పైకప్పు సంగతి అడగడా?

థియేటర్లో ఈ తిప్పలు లేవు. అట్మాస్ 2012లో థియేటర్లకు వచ్చింది. అంతకు ముందు 5.1 పద్ధతిలో ఎడమ గోడకు పది స్పీకర్లున్నా పదీ కలిసి ఒకే శబ్దం వినిపించేవి. అట్మాస్‌లో ఒక్కో శబ్దానికి అది ఏ క్షణాన ఎక్కడ ఉండాలో కూడా రాసి పంపుతారు. అలా 128 శబ్దాల దాకా పంపవచ్చు. హాల్లో 64 దాకా స్పీకర్లను విడివిడిగా పలికించవచ్చు. అందుకే మన వెనక బయలుదేరిన తుమ్మెద ఒక్కో స్పీకరు దాటుకుంటూ తెర మీదికి పోతుంది.

నేను దీన్ని మొదటిసారి మనసారా విన్నది సూళ్లూరుపేటలో. 2019లో అక్కడ వి ఎపిక్ అనే థియేటర్ తెరిచినప్పుడు అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 106 అడుగుల వెడల్పు తెర అని అందరూ తెర గురించే మాట్లాడారు. వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా బండి నడుపుకుంటూ వెళ్లి, నేను మాత్రం తల వెనక్కి వాల్చి పైన వరసగా వేలాడుతున్న స్పీకర్లను లెక్కపెడుతూ కూర్చున్నాను. పక్కసీటాయన నాకు మెడ పట్టిందనుకున్నాడు. సినిమా వ్యాపారంలో నెల్లూరును విడిగా ఒక ఏరియాగా లెక్కేస్తారని మనకు గర్వం కదా, ఆ పిచ్చి నాకు చెవుల్లో ఉంది.

సూళ్లూరుపేట అన్నాను కాబట్టి ఇంకొకటి. శ్రీహరికోట రాకెట్‌ను దగ్గర్లో నిలబడి చూసినవారికి తెలుసు. ముందు వెలుగు కనిపిస్తుంది, అది మూగగా లేస్తుంది. కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా శబ్దం వచ్చి పొట్టలో తగులుతుంది. మా హాల్లో జరుగుతున్నది దీనికి పిల్ల కథ. బార్ నుంచి నేరుగా కొంత శబ్దం ముందే చెవిని చేరుతుంది. పైకప్పు దాకా పోయి వచ్చేది తర్వాత, అదీ నీరసపడి, దూలాలకు తగిలి చెల్లాచెదురై. చెవి ముందు వచ్చినదాన్నే నమ్ముతుంది. అలా మా ఇంట్లో హెలికాప్టర్ టీవీ బల్ల మీదే తిరిగింది.

దీనికి ముందు నా దగ్గర ఉన్నది పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చుకున్న 5.1 సెట్టు. ఐదు పెట్టెలు, చాప కింద తీగలు, ఆ తీగలు కొరికిన ఎలుకలు. అమ్మకు దాన్ని చూస్తే ఒళ్లు మంట. కానీ వెనక స్పీకరు నిజంగా వెనకే ఉండేది. ఈ బార్ వెనక స్పీకరు ఉందన్న భ్రమను పక్క గోడల సాయంతో కల్పించాలి. మా హాలుకు ఎడమవైపు గోడ ఉంది, కుడివైపు వరండా. ఇక చెప్పేదేముంది.

అమ్మ మాత్రం దీన్ని మెచ్చుకుంది. మాటల కోసం మధ్యలో వేరే స్పీకరు ఉంది, అందులోంచి మాట స్పష్టంగా వస్తుంది. "ఇన్నాళ్లకు వీళ్లు ఏమంటున్నారో తెలిసింది నాయనా" అంది. మాటలప్పుడు పెంచి, ఫైట్లప్పుడు తగ్గిస్తూ రిమోట్ అరగదీసే ఇళ్లవారికి ఇదొక్కటి పెద్ద ఊరట. ఇంకొకటి: టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ ద్వారా బార్‌కు పంపే దారిని ఆర్క్ అంటారు, దాని కొత్త రూపం ఈఆర్క్. మీ టీవీలో ఈఆర్క్ లేదని కొత్త టీవీ కొనకండి. ఓటీటీలో వచ్చే అట్మాస్‌కు మామూలు ఆర్క్ సరిపోతుంది, మీ టీవీ దాన్ని బార్‌కు పంపగలిగితే చాలు.

రెండో వారంలో ఒక రాత్రి వాన సీను పెట్టాను. బార్‌ను అంగుళం ముందుకు జరిపాను, అంగుళం వెనక్కి జరిపాను. ఒక్కసారిగా పైనుంచి వాన. చినుకు చినుకూ నెత్తిమీదే. ఎడమవైపు కాస్త ఎక్కువ, గాలి కొట్టినప్పుడల్లా కుడికి జరుగుతోంది. ఒళ్లు పులకరించింది. కంపెనీని అనవసరంగా తిట్టానే అని ఫోను తీసి రికార్డు చేశాను కూడా. తర్వాత టీవీ ఆపాను. వాన ఆగలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమట, పక్కింటి రేకుల మీద దంచి కొడుతోంది. ఆ రికార్డింగ్ ఇప్పుడు మీకు వినిపిస్తాను, ఇంత మంచి అట్మాస్ ఈ వీడియోలో మళ్లీ రాదు.

మూడో వారం బార్‌ను చంకలో పెట్టుకుని మాగుంట లేఅవుట్‌లో మా అక్కావాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. నున్నటి శ్లాబు, సరిగ్గా పదడుగులు, రెండు పక్కలా గోడలు. అదే సీను, అదే వాల్యూమ్. ఈసారి కిటికీ తీసి బయట ఎండ ఉందని చూసుకుని మరీ పెట్టాను. వాన పైనుంచి వచ్చింది. థియేటర్లో లాగా చినుకు చినుకూ విడిగా కాదు, గొడుగు కింద నిలబడ్డట్టు ఒక పొరలా. అయినా వచ్చింది. మా బావ మాట్లాడుతున్న ఫోను పక్కన పెట్టేశారు. ఆయన దేనికీ ఫోను పక్కన పెట్టే మనిషి కాదు.

కాబట్టి పదడుగుల శ్లాబు, రెండు పక్కలా గోడలు ఉన్నవారు నిశ్చింతగా కొనుక్కోండి. పాత మిద్దెలవారు, పెంకుటిళ్లవారు, రేకుల కింద ఉన్నవారు ఆ చివరి 2 కోసం డబ్బు తగలేయకండి. పై శబ్దం, వెనక శబ్దం జోలికి పోని 3.1 బార్ తీసుకుని, మిగిలిన దానితో మంచి హాల్లో, మధ్య వరసలకు కాస్త వెనకగా సీటు చూసుకుని, నాలుగు సినిమాలు చూడండి. నాకైతే ఎలుకలు కొరికిన తీగలు మార్చుకుని పాత 5.1 మళ్లీ బిగించుకోవడమే మేలనిపిస్తోంది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

బార్‌ను శుక్రవారం లోగా వెనక్కి పంపాలి. మా బావ ఇంకా ఇవ్వలేదు. నిన్న ఫోను చేస్తే ఎత్తలేదు, వెనక వాన పడుతోందేమో.