సుగ్గికి పోయే ముందు ఒక ఫోన్

(కర్నూలు నుంచి ఆడవాళ్ళ ఆరోగ్యంపై ప్రత్యక్ష ఫోన్-ఇన్ కార్యక్రమం, నవంబర్ 2025 మొదటి వారం. శ్రోతల పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. దీపావళి వెళ్ళిపోయింది, పత్తి తీతలు సాగుతున్నాయి. ఇంకొన్నాళ్ళకు కోసిగి, ఆలూరు వైపు జనం మిరప కోతలకు గుంటూరు దారి పడతారు. ఆ కూలి వలసనే ఇక్కడ సుగ్గి అంటారు. ఈ రోజుల్లో మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "సుగ్గికి పోయే ముందే చూపించుకోవాల్నా, వచ్చినాక చూపించుకుంటే చాలదా?" స్టూడియోలో డాక్టర్‌గారు ఉన్నారు. ఆదోని వైపు పీహెచ్‌సీలో పదకొండేళ్ళు పనిచేసి ఇప్పుడు కర్నూల్లో ఉంటున్నారు.

డాక్టర్: నమస్కారం. వచ్చినాక చూద్దాంలే అనుకునేవాళ్ళు వచ్చినాక కూడా రారు. అప్పులు తీర్చే పనిలో పడిపోతారు. అది ముందే చెప్పేస్తున్నా.

వ్యాఖ్యాత: మొదటి కాల్ తీసుకుందాం. హలో?

శ్రోత: హలో మేడమ్. పేరు చెప్పాల్నా?

వ్యాఖ్యాత: అక్కర్లేదమ్మా. ఎక్కడి నుంచి?

శ్రోత: కోసిగి దగ్గర. నాకు 34 మేడమ్. ఇద్దరు పిల్లోళ్ళు. పిల్లలు కాకుండా ఆపరేషన్ 22 ఏళ్ళకే అయిపోయింది. ఇప్పుడు ఏడెనిమిది నెలల్నుంచి బయట చేరితే పది రోజులు పోతానే ఉంటాది. తెల్లబట్ట, నడుం నొప్పి. మా ఊరి ఆర్ఎంపీ టౌన్లో ఒక నర్సింగ్‌హోంకు పిల్చుకపోయినాడు. గర్భసంచికి పుండయింది, తీసేయాల, లేకుంటే క్యాన్సర్ అయితాది అన్నారు. సుగ్గికి పోయేలోపల చేయించేద్దాం అని మా ఇంటాయన. కూలికి పిల్చుకపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు దుడ్లు ఉన్నాయి కదా అంటాడు.

డాక్టర్: స్కానింగ్ రిపోర్టు ఇంట్లో ఉందా?

శ్రోత: ఉంది. మా పాప చదివింది. "బల్కీ యుటరస్" అని ఉందంట.

డాక్టర్: గడ్డలని, ఫైబ్రాయిడ్ అని ఏమైనా?

శ్రోత: అవేమీ లేవంట.

డాక్టర్: బల్కీ అంటే సంచి కొంచెం పెద్దగా ఉందని, అంతే. ఇద్దరు బిడ్డల్ని మోసిన సంచి పెద్దగా ఉండక ఏమవుతుంది? స్కానింగ్‌లో పుండు కనపడదమ్మా. సంచి ముఖద్వారం దగ్గర కొంచెం ఎర్రగా ఉంటే దాన్నే పుండు అనేస్తారు. ఆ మాట వినగానే ఇంట్లో అందరికీ భయం పట్టుకుంటుంది. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. ఎక్కువసార్లు అది ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. కొన్ని రకాలకు మీ ఇంటాయన కూడా మాత్రలు మింగాలి.

శ్రోత: (నవ్వుతూ) ఆయప్ప మింగడు మేడమ్.

డాక్టర్: మింగకపోతే మళ్ళీ మీకే వస్తుందని చెప్పండి. ఇక పది రోజులు బ్లీడింగ్ అంటున్నారు. దానికి కారణం వెతకాలి. థైరాయిడ్ చూడాలి, రక్తం ఎంతుందో చూడాలి. మీది ఎంతన్నారు?

శ్రోత: 9 అన్నారు.

డాక్టర్: 12 ఉండాలి. మన రాష్ట్రంలో 2019-21 సర్వే లెక్కల్లో వందలో దాదాపు 59 మంది ఆడవాళ్ళకు రక్తం తక్కువే, మీరొక్కరే కాదు. మీ నీరసానికి, ఆయాసానికి ముందు మందు వేయాల్సింది అక్కడ. బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, కాపర్-టీ మాదిరి లోపల పెట్టే హార్మోన్ పరికరం ఉంది. క్యాన్సర్ భయం ఉంటే దానికీ పరీక్ష ఉంది. ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి, తెల్లగా మారిందా లేదా అని చూస్తారు. 30 దాటిన ఆడవాళ్ళకు ఐదేళ్ళకొకసారి ప్రభుత్వ ఆస్పత్రుల్లో డబ్బు తీసుకోకుండా చేయాల్సిన పరీక్ష అది. మీకు చేశారా?

శ్రోత: లేదు. పడుకోబెట్టి చూడనే లేదు. కడుపు మీద స్కానింగ్ ఒకటే.

డాక్టర్: లోపల పరీక్ష చేయకుండానే తీసేయమన్నారు! సరే. 34 ఏళ్ళకు సంచి తీసేస్తే, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, నెల తిరక్కముందే మీకు 50 ఏళ్ళ ఆడమనిషి బాధలన్నీ మొదలవుతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళకు ఎముకలే కదా ఆస్తి? ఇంకోటి, ఈ ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువులెత్తకూడదు. మీరేమో దాన్ని చేయించుకుని మిరప కోతకు పోతానంటున్నారు.

శ్రోత: తారీఖు కూడా ఇచ్చినారు మేడమ్. మా ఇంటాయన కాగితం మీద సంతకం పెట్టేసినాడు.

డాక్టర్: మీరు పెట్టారా?

శ్రోత: నన్ను అడగలేదు.

డాక్టర్: అయితే ఆ కాగితం చెల్లదు. స్పృహలో ఉన్న మేజరైన మనిషి ఒంటి మీద కత్తి పెట్టాలంటే ఆ మనిషే ఒప్పుకోవాలి. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇదే చెప్పింది. అదీ సంచి తీసేసిన కేసే. ఆమె మత్తులో ఉంటే వాళ్ళమ్మ సంతకం తీసుకుని తీసేశారు. తల్లి సంతకమే పనికిరాదన్నారు, భర్తది ఎట్లా పనికొస్తుంది? అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద అన్ని రాష్ట్రాలూ మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో మళ్ళీ చెప్పింది సుప్రీంకోర్టు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంటుందమ్మా. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

శ్రోత: అయితే ఏం చేయాల?

డాక్టర్: తారీఖు వాయిదా వేయండి. ఆదోనిలో ప్రభుత్వ ఆస్పత్రికి పోండి, లేదా కర్నూలు పెద్దాస్పత్రికి రండి. లేడీ డాక్టర్‌కు ఆ రిపోర్టు చూపించండి. బ్లీడింగ్ ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగుతోందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని తీసుకురండి. ఆ కాగితం ఒక్కటే నాకు సగం పని తగ్గిస్తుంది.

శ్రోత: కర్నూలంటే వంద కిలోమీటర్లు మేడమ్. ఇద్దరి కూలీ పోతాది.

వ్యాఖ్యాత: పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ లేదు కదమ్మా, ఆగస్టు 15 నుంచి.

శ్రోత: నాకు లేదు. తోడొచ్చే ఆయనకుంది.

డాక్టర్: (నవ్వు) ఆయన్ని ఇంట్లో పెట్టి రండి. నిజంగానే చెప్తున్నా. పీహెచ్‌సీలో రోజూ చూసేదాన్ని. ఆమె కుర్చీలో కూర్చుంటుంది, ప్లాస్టిక్ కవర్లో స్కానింగ్ ఫిల్మ్, ఆధార్ జెరాక్స్ మడిచి ఉంటాయి. "ఏం బాధమ్మా?" అని అడిగితే వెనక నిలబడినాయన చెప్తాడు. ఎన్ని రోజులు పోతుందో ఆయనకేం తెలుసు? కొంచెం బయట నిలబడన్నా అని పంపించినాక అసలు సంగతి బయటికొచ్చేది. మీ చెల్లెల్నో పక్కింటామెనో తోడు తెచ్చుకోండి, ఇద్దరికీ టికెట్ ఉండదు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్, డోన్ నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. మా అమ్మ గురించి. 57 ఏళ్ళు. ముట్టు ఆగిపోయి ఆరేళ్ళయింది. మొన్న మళ్ళీ బట్టలకు రక్తం కనపడింది. మా ఇంటామెకు చెప్పిందంట, నాకు చెప్పొద్దనిందంట.

డాక్టర్: ఎన్నాళ్ళ నుంచి?

శ్రోత: రెండు నెలలు.

డాక్టర్: బాబూ, ఆగిపోయినాక మళ్ళీ కనపడితే అది చుక్కయినా సరే ఈ వారంలోనే చూపించాలి. ఇంతకుముందు ఆమెకు ఆగమన్నా, మీకు మాత్రం ఆగొద్దంటున్నా. అన్నీ క్యాన్సర్ కాదు. కానీ సంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే తప్ప తేలదు. మీరు ఆమెను అడిగి సిగ్గుపడేలా చేయొద్దు, మీ ఇంటామెతో పంపండి. రొమ్ములో గడ్డ ఏమైనా ఉందేమో అదీ ఒకసారి... హలో? (లైన్ కట్ అయింది)

వ్యాఖ్యాత: విన్నారనే అనుకుందాం. ఎమ్మిగనూరు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి లైన్లో ఉంది.

శ్రోత: మేడమ్, మా దగ్గరున్న ఆస్పత్రిలో అందరూ మగ డాక్టర్లే. అందుకే పోవడం లేదు.

డాక్టర్: మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు గదిలో ఒక ఆడమనిషి ఉండాలి. నర్సైనా, మీ అమ్మైనా. అది పేషెంటు హక్కు. "సిస్టర్‌ను పిలవండి సార్" అనండి చాలు, ఎవరూ ఏమనుకోరు. అనుకుంటే అనుకోనీ.

వ్యాఖ్యాత: చివరి కాల్. మంత్రాలయం వైపు నుంచి.

శ్రోత: (చిన్న గొంతుతో) మేడమ్, నాకు 21. ఆరో నెల. రక్తం 8 ఉందని ఏఎన్ఎం చెప్పింది. మాత్రలు ఇచ్చింది. అత్తమ్మ వద్దంటాది. బిడ్డ నల్లగా పుడతాడంట. మా ఆయన బెంగళూర్లో బేల్దారి పని.

వేరే గొంతు: ఎవరితో మాట్లాడ్తాండావ్? ఇట్లియ్యి. హలో! నేను నలుగుర్ని ఇంట్లోనే కన్నా. మాత్రలు మింగితే బిడ్డ లావైతాది, కాన్పు కష్టమైతాది.

డాక్టర్: అమ్మా, నమస్కారం. మాత్రల వల్ల నల్లగా అయ్యేది దొడ్డికి పోయినప్పుడు మలం, బిడ్డ కాదు. 8 అంటే కాన్పులో కొంచెం రక్తం పోయినా తట్టుకోలేదు. మాత్ర అన్నం తిన్నాక, నిమ్మకాయ నీళ్ళతో. టీతో వద్దు, క్యాల్షియం మాత్రతో కలిపి వద్దు. అప్పటికీ పెరగకపోతే సూది రూపంలో ఐరన్ ఎక్కిస్తారు. మాత్రల సంగతి సరే, ఆస్పత్రి కూడా వద్దంటున్నారా?

అత్త: పోయినేడు పెద్ద కోడల్ని పిల్చుకపోయినాం. ఆ పిల్ల నొప్పులతో అరుస్తుంటే లోపల ఒకామె "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అనింది. వరండాలో నిలబడి ఇన్నా. ఈ పిల్లను కూడా ఆ మాటలు పడనియ్యాల్నా?

డాక్టర్: (కాసేపు ఆగి) లేదమ్మా. పడకూడదు. ఆ మాట అన్నది మా వాళ్ళే, తప్పు మాదే. ఈసారి మీరు వరండాలో ఉండొద్దు. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న మనిషి అయితే మంచిదని కూడా ఉంది. నలుగుర్ని కన్న మీకంటే ఎవరు కావాలి? ముందే అడిగి పెట్టుకోండి. కాన్పుకు, మందులకు, రక్తానికి, తిండికి ప్రభుత్వ ఆస్పత్రిలో పైసా కట్టక్కర్లేదు. నొప్పులొస్తే 108, కాన్పయినాక ఇంటికి దింపడానికి 102 బండి. ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టర్ చూసే రోజు కదా, ఈసారి పిలుచుకురండి.

వ్యాఖ్యాత: ఈసారి 9 ఆదివారం పడింది డాక్టర్‌గారూ.

డాక్టర్: అయితే 10న, సోమవారం.

అత్త: సోమవారమా... సరే. ఇంకొకటి అడగాల. ఇది అందరూ ఇంటారా?

వ్యాఖ్యాత: వింటారమ్మా. మీ పేరు ఎవరికీ తెలియదు కదా.

అత్త: సంచి కిందికి దిగినట్టుంటాది. దగ్గినా, బిందె ఎత్తినా బయటికొస్తాది. చేత్తో లోపలికి తోసుకుంటా. చిన్నోడు పుట్టినప్పట్నుంచి.

డాక్టర్: చిన్నబ్బాయికి ఇప్పుడు ఎన్నేళ్ళు?

అత్త: 25. ఈ పిల్ల మొగుడే.

(వెనక నుంచి: "నాకు చెప్పలేదే అత్తమ్మా")

అత్త: ఏమని చెప్పాల? గుడ్డ కట్టుకుని పనికి పోతా.

డాక్టర్: దీనికి వైద్యముందమ్మా. లోపల రింగు పెట్టి నిలబెట్టొచ్చు. బాగా జారి ఉంటే ఆపరేషన్ కూడా చేయాల్సి రావచ్చు. ఇందాక ఒకామెకు సంచి తీయించుకోవద్దన్నా, మీ విషయం వేరు, చూసి చెప్పాలి. సోమవారం ఓపీలో రెండు చీటీలు రాయించండి. ఒకటి మీ పేరు మీద.

అత్త: రెండు చీటీలకు రెండుసార్లు లైన్లో నిలబడాల్నా?

డాక్టర్: ఒకసారి నిలబడితే చాలు. ఆధార్ కార్డులు ఇద్దరివీ తెచ్చుకోండి, బస్సులోనూ అడుగుతారు.